ముందు చాప ఎవరిది?

2014 జూన్‌లో లండన్‌లో ఒక రాత్రి మూడు గంటల సేపు నిలబడి నాటకం చూశాను. కుర్చీ లేదు, నెత్తిన కప్పు లేదు, మధ్యలో కాసేపు సన్నటి తుంపర కూడా పడింది. టికెట్ 5 పౌండ్లు, అప్పటి లెక్కలో దాదాపు 500 రూపాయలు. ఆ రాత్రి గురించి ఎవరైనా అడిగితే నాటకం కథ కంటే ముందు నాకు గుర్తొచ్చేది నేను నిలబడిన చోటు. రంగస్థలం నా గడ్డం ఎత్తున ఉంది. దాని అంచు మీద రెండు చేతులూ పెట్టుకుని, చేతుల మీద గడ్డం ఆనించి చూశాను. నా ముక్కుకు మూరెడు దూరంలో రాజు వేషం వేసినాయన తోలు బూట్లు. ఆయన గొంతు పెంచినప్పుడు మెడ నరం ఉబ్బడం, చెమట చెవి పక్క నుంచి జారి కాలర్‌లోకి పోవడం కూడా కనపడింది.

ఆ చోటు గురించే ఈ వ్యాసం. నాటకం ఆడేవాళ్లకు ఆనుకుని ఉండే ఆ నాలుగు గజాల నేల ఎవరిది అన్నదాని మీద నాకు ఎప్పటినుంచో ఒక అభిప్రాయం ఉంది. ఈమధ్య తిరుపతిలో ఒక కార్యక్రమం చూసి వచ్చాక అది కోపంగా మారింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అప్పుడు నేను లండన్‌లో ఎంఎస్సీ చదువుతున్నా. ఈస్ట్ హామ్‌లో ఒక అద్దె ఇంట్లో నలుగురు ఆడపిల్లలం, ఇద్దరిది నెల్లూరు, ఒకరిది కడప, నాది పుత్తూరు పక్కన పల్లె. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, గంటకు ఆరు పౌండ్ల చిల్లర వచ్చేది, కాబట్టి ఏ ఖర్చయినా గంటల్లోనే లెక్కేసుకునేదాన్ని, బియ్యం మూటకు ఇన్ని గంటలు, ట్రావెల్ కార్డుకు ఇన్ని గంటలు అని. లండన్‌లో నాటకం చూడాలంటే వెస్ట్ ఎండ్‌కు పోవాలని అందరూ చెప్తారు. అక్కడ ఒక మంచి సీటంటే నాకు ఒక వారం పనిలో సగం పోయినట్టే. ఆ ఆశ వచ్చిన నెలలోనే వదిలేశాను. తర్వాత మా క్లాసులో ఒకమ్మాయి చెప్పింది, గ్లోబ్ థియేటర్‌లో ఐదు పౌండ్లకే టికెట్ ఉంటుంది, కాకపోతే నిలబడాలి అని. గంట పని కూడా కాదు. షాపులో ఎటూ నిలబడే ఉంటాను కదా, ఇంకో మూడు గంటలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఐదు పౌండ్లకు ఎక్కడో స్తంభం వెనకాల నిలబెడతారనే నా మనసులో ఉంది. చవక టికెట్ అంటే మనకు తెలిసింది సినిమా హాల్లో నేల టికెట్. నేల తెరకు దగ్గరే, కానీ తెర అనేది దగ్గరికి పోయేకొద్దీ మెడ నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వదు, అందుకే అది చవక, బాల్కనీ ఖరీదు. ఆ లెక్కతో పెరిగినదాన్ని కాబట్టి నాటకానికి లెక్క వేరే అని నాకు తట్టలేదు. తెర మీద ఉండేది బొమ్మ. నాటకంలో ఉండేది మనిషి, మనిషికి ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ అందుతుంది.

డిస్ట్రిక్ట్ లైన్‌లో మాన్షన్ హౌస్ దాకా పోయి, థేమ్స్ మీద నడక వంతెన దాటితే అవతలి ఒడ్డున ఉంటుంది గ్లోబ్. తెల్లటి గోడలు, ఓక్ కలప, గుండ్రంగా మూడంతస్తులు, పైన గడ్డి కప్పు. లండన్ నడిబొడ్డున గడ్డి కప్పు చూస్తానని నేను అనుకోలేదు. 1666లో ఊరంతా తగలబడ్డాక ఆ నగరంలో గడ్డి కప్పు వేయనిచ్చింది మళ్లీ దీనికే అట. అసలు గ్లోబ్ 1599లో కట్టారు. 1613లో నాటకం నడుస్తుండగా పేల్చిన ఫిరంగి వల్ల కప్పు అంటుకుని మొత్తం కాలిపోయింది, మరుసటి ఏడాదే మళ్లీ కట్టుకున్నారు, 1642లో నాటకాలే పాపమనే వాళ్ల చేతికి అధికారం వచ్చి అన్ని నాటకశాలలతో పాటు దాన్నీ మూయించారు. మూడు వందల ఏళ్ల తర్వాత, 1949లో, శామ్ వనమేకర్ అనే అమెరికన్ నటుడు షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన ఆ చోటు చూద్దామని వస్తే ఒక బీరు ఫ్యాక్టరీ గోడకు కొట్టిన కంచు ఫలకం తప్ప ఏమీ కనపడలేదు. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఆయన బతుకులో పెద్ద భాగం పెట్టాడు. 1997లో అది తెరుచుకునేటప్పటికి ఆయన లేడు, 1993లోనే పోయాడు.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆ సాయంత్రం లోపలికి పోగానే చూసింది ఒకటే, ఖరీదైన టికెట్లు కొన్నవాళ్లు చుట్టూ గ్యాలరీల్లో చెక్క బెంచీల మీద ఉన్నారు, ఐదు పౌండ్ల వాళ్లం రంగస్థలం కాళ్ల దగ్గర ఉన్నాం. దాదాపు 700 మంది అలా నిలబడొచ్చు. మధ్యలో ఆకాశం, కప్పు ఉండేది గ్యాలరీలకు, రంగస్థలానికి మాత్రమే. గొడుగు తెరవకూడదు, వెనకవాళ్లకు అడ్డం. కూర్చోకూడదు, ఒకబ్బాయి కాళ్లు లాగి గోడ పక్కన చతికిలబడితే అక్కడి వలంటీర్ వచ్చి లేపింది. ఇలా నిలబడి చూసేవాళ్లకు ఇంగ్లీషులో గ్రౌండ్లింగ్స్ అని పేరు, అచ్చంగా మన నేల జనం. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ చోటుకు ఒక పెన్నీ తీసుకునేవాళ్లు.

నేను నడుమ ఎక్కడో ఇరుక్కుని నిలబడ్డాను, నా ఎత్తు ఐదడుగులకు ఒక్క అంగుళం ఎక్కువ. ముందర రంగస్థలం అంచు పట్టుకుని నిలబడిన ఒక ముసలామె వెనక్కి తిరిగి నన్ను చూసింది. డెబ్బై ఏళ్లు ఉంటాయి, పొడుగు మనిషి, వాన కోటు, చేతిలో గుడ్డ సంచి. "నువ్వు ముందుకు రామ్మా, నీ తల మీద నుంచి నాకు కనపడుతుందిలే" అని తన చోటు నాకిచ్చి నా వెనక నిలబడింది. విరామంలో మాట్లాడితే చెప్పింది, సీటు కొనుక్కునే శక్తి ఉందట, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయట, అయినా గంట ముందే వచ్చి క్యూలో నిలబడి ముందు చోటే పట్టుకుంటుందట. పైన కూర్చుంటే చూసినట్టుంటుంది, ఇక్కడ నిలబడితే ఉన్నట్టుంటుంది, ఇంచుమించు ఇదే అంది.

అది ఎంత నిజమో రెండో సగంలో తెలిసింది. చీకటి పడింది, కానీ మా మీద దీపాలు ఆర్పలేదు. రంగస్థలం మీద ఉన్న వెలుగే మా మీద కూడా ఉంది, పగటి పూట ఆడినట్టే ఉండాలని అక్కడ అలా ఉంచుతారట. అంటే నటులకు మా మొహాలు కనపడుతున్నాయి. రాజు అంచు దాకా వచ్చి, గొంతుక్కూర్చుని, మా వైపు చూసి ఒక ప్రశ్న అడిగాడు. నాటకంలో అది ఆయన తనలో తాను అనుకునే మాట. కానీ అడిగింది నన్ను, నా కళ్లలోకి చూసి. నేను నాకు తెలియకుండానే తల ఊపాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నా జవాబు అందుకున్నట్టు తానూ తల ఊపి, లేచి తర్వాతి మాట అందుకున్నాడు. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు నాకు, పాత ఇంగ్లీషు. ఆ ఒక్కటి మాత్రం మొత్తం అర్థమైంది. ఊరు కాని ఊళ్లో, పది నెలలుగా షాపులో "నెక్స్ట్ ప్లీజ్" తప్ప నా మొహం చూసి ఎవరూ సరిగా మాట్లాడని చోట, ఒక మనిషి నన్ను చూసి జవాబు అడిగాడు.

తుంపర మొదలైనా ఎవరూ కదల్లేదు. కోటు టోపీలు తలకెక్కించుకున్నారు, అంతే. తడిసిన చెక్క వాసన, పక్కవాళ్ల ఉన్ని బట్టల వాసన వస్తుంటే నాకు గుర్తొచ్చింది మా అవ్వ చాప.

మా పల్లెలో భారతం పెడితే మా అవ్వకు మొదటి పని చాప దులపడం. చిత్తూరు, తిరుపతి వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. మా ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లుంటాయి. ఏటా కాకపోయినా కొన్నేళ్లకొకసారి అక్కడ భారతం జరుగుతుంది, మామూలుగా పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం భాగవతార్ హరికథగా భారతం చెప్తాడు, పగలు ఏ ఘట్టం చెప్తే రాత్రి దాన్నే వీధినాటకంగా తెల్లవార్లూ ఆడతారు. కొన్ని పల్లెల్లో తెలుగులో, నగరి దాటి తమిళనాడు అంచు దగ్గరికి పోతే తమిళంలో కూడా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, నగరి చిత్తూరులోనే ఉండిపోయింది, భారతానికి మాత్రం ఆ గీతలేవీ లేవు, అదే జట్టు రెండు వైపులా ఆడుతుంది.

అర్జున తపస్సు రోజు ఎత్తైన మాను నాటుతారు. అర్జున వేషగాడు పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగులు పట్టినవాళ్లను చూస్తే ఇది నాటకమా పూజా అని ఎవరూ విడదీసి చెప్పలేరు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. సాయంత్రం అగ్నిగుండం.

నాటకం రాత్రి ముందు చోటు ఎవరికి? చాప ముందు ఎవరు పరిస్తే వాళ్లకు. అవ్వ పొద్దు గూకక ముందే మా అన్నకూ నాకూ చెరో చాప చుట్టి ఇచ్చి పంపేది, చెనక్కాయలు, బొరుగులు చీర కొంగులో మూట కట్టుకుని తాను వెనకాల వచ్చేది. పెద్దవాళ్లు వెనక, పిల్లలం ముందు. ఎందుకు ముందు అంటే పొట్టివాళ్లం కాబట్టి, ఇంకో కారణం లేదు. ఆ ముందు చాప మీద కూర్చున్నవాళ్లకు దొరికే సంగతులు వేరే. ఏ పాత్ర వచ్చినా మొదట ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు, దాని వెనక నుంచి దరువు అందుకుంటాడు వేషగాడు, మద్దెల, తాళం, హార్మోనియం కలుస్తాయి. వెనకున్నవాళ్లకు తెర, తెర మీద కిరీటం కొస కనపడతాయి. మాకు తెర కింద నుంచి గజ్జెలు కట్టిన కాళ్లు కనపడేవి. ఆ కాళ్లు చూసి ఎవరొస్తున్నారో పందెం వేసుకునేవాళ్లం. భీముడి కాళ్ల మడమలు పగిలి ఉండేవి, పగలంతా ఇటుక బట్టీలో తొక్కిన కాళ్లు, వాటిని నేను ఇప్పుడు చూసినా గుర్తుపడతాను. మొహానికి పూసిన అర్దలం తెల్లవారుజామున చెమటకు పగిలి కింద అసలు చర్మం గీతలు గీతలుగా కనపడేది. కురుసభలో దుశ్శాసనుడు ద్రౌపదిని ఈడ్చుకొస్తుంటే మా చాపల మధ్య నుంచే వచ్చేవాడు, మేం అటూ ఇటూ దొర్లి దారి ఇచ్చేవాళ్లం, ఒకసారి వాడి గద నా చెనక్కాయల మూట మీద పడి అన్నీ చెల్లాచెదరయ్యాయి, వాడే వంగి నాలుగు ఏరి నా చేతిలో పెట్టి మళ్లీ గర్జించాడు. ఆ నాలుగు చెనక్కాయలు నేను తినలేదు, చాన్నాళ్లు దాచుకున్నాను.

అప్పుడూ వెలుగు అందరి మీదా పడేది. పెట్రోమాక్స్ లైటుకు నటుడెవరు, చూసేవాడెవరు అని తెలియదు. వేషగాడు మా మొహాలు చూసి పద్యం సాగదీసేవాడు, మేం నిద్రకు తూలుతున్నామని కనపడితే హాస్యగాడిని దింపేవాళ్లు. అవ్వ నన్ను గిల్లి లేపేది, "లెయ్ మే, భీముడొస్తా ఉండాడు, నువ్వు నిద్రపోతే వాడు ఎవురి మొగం జూసి ఆడతాడు" అని. లండన్‌లో రాజు బూట్ల ముందు నిలబడి తల ఊపిన క్షణాన నాకు ఆ మాట వినపడింది. అక్కడ నాకు దొరికింది కొత్త అనుభవం కానే కాదు, పన్నెండేళ్లకు నేను వదిలేసిన చోటు.

ఇప్పుడు తిరుపతి సంగతి. కిందటేడాది ఒక హాల్లో వీధినాటకం ప్రదర్శన ఉందని తెలిసి అమ్మనూ ఆరేళ్ల నా కూతురినీ తీసుకుని పోయాను. ఏ హాలు, ఎవరు పెట్టారు అన్నది వద్దు, ఇది ఒక్క చోట జరిగేది కాదు. ఏడు గంటలకని వేశారు. ముందు రెండు వరుసల్లో తెల్ల గుడ్డలు కప్పిన సోఫాలు, వాటి ముందు టీపాయ్‌లు, నీళ్ల సీసాలు. సోఫాలకూ స్టేజీకీ మధ్య పది అడుగుల కార్పెట్ ఖాళీ. నా కూతురు పోయి ఆ కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, ఇంకో ఇద్దరు పిల్లలు దాని పక్కన చేరారు. బ్యాడ్జి పెట్టుకున్న కుర్రాడు వచ్చి "ఇక్కడ కూర్చోకూడదు పాపా, గెస్టులు వస్తారు" అని భుజాలు పట్టుకుని లేపాడు. వాడి తప్పేం లేదు, వాడికి అలా చెప్పి పెట్టారు.

గెస్టులు ఎనిమిదింపావుకు వచ్చారు. అప్పటిదాకా వేషగాళ్లు పక్క వరండాలో నిలబడి ఉన్నారు. చెక్క కిరీటం, భుజకీర్తులు, అద్దాలు అతికించిన ఛాతీ కవచం, ఇవన్నీ కట్టుకుని కూర్చోవడం కుదరదు, విప్పితే మళ్లీ కట్టుకోవడానికి గంట. జ్యోతి వెలిగించారు, నలుగురు మాట్లాడారు, మన సంస్కృతి, మన వారసత్వం, దాన్ని కాపాడుకోవాలి, ఈ మూడు మాటలే నలుగురూ మాట్లాడారు. శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. తెల్లవార్లూ ఆడే ఆటను అరగంటలో ముగించమని జట్టు పెద్దకు చీటీ పంపారు. ఆట మొదలైన పది నిమిషాలకు గెస్టులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు, వాళ్లకు వేరే కార్యక్రమాలు ఉంటాయి, అది నాకు తెలుసు. రెండు వరుసలూ ఖాళీ అయ్యాయి. అయినా వెనకున్న మమ్మల్ని ముందుకు రానివ్వలేదు. హాల్లో లైట్లు ఆర్పేశారు, స్టేజీ మీద మాత్రం రంగు రంగుల ఫోకస్‌లు. ఆ అర్జునుడు చివరిదాకా ఖాళీ సోఫాల ముందు, కనపడని జనం కోసం పాడాడు.

అయిపోయాక బయట టీ బండి దగ్గర ఆయన కనపడ్డాడు, మొహం సగం తుడుచుకుని ఉన్నాడు. బాగా పాడారు అన్నాను. "ఎవురి మొగం జూసి పాడాలమ్మా? ముందర సోపాలే గదా" అన్నాడు. అవ్వ పోయి తొమ్మిదేళ్లయింది. అదే మాట, అదే బాధతో, ఇంకో వైపు నుంచి విన్నాను.

డబ్బులిచ్చేవాళ్లకు ముందు సీటు ఇవ్వకపోతే ఎలా అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన భారతంలోనే ఉంది. పద్దెనిమిది రోజులకూ ఉభయదారులు ఉంటారు, ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఇంటివాళ్లో వీధివాళ్లో పెట్టుకుంటారు. వాళ్లకు మర్యాద గుడి దగ్గర జరుగుతుంది. తలపాగా చుడతారు, మొదటి హారతి, మొదటి తీర్థం వాళ్లకే, మైకులో వాళ్ల పేరు చదువుతారు. మర్యాద అయిపోయింది. రాత్రి ఆట దగ్గర వాళ్లూ అందరి మాదిరి ఎక్కడ చోటుంటే అక్కడే. మా ఊళ్లో ఒక పెద్ద రైతు తన ఉభయం రోజున కూడా ట్రాక్టర్ ట్రెయిలర్ మీద కూర్చుని చూసేవాడు, అది అందరికంటే వెనకాల ఉండేది. గౌరవానికీ ముందు చోటుకూ లంకె లేదని మా పల్లెకు తెలుసు. గ్లోబ్‌లోనూ డబ్బున్నవాళ్లకు తక్కువ చేయలేదు, పాత రోజుల్లో ప్రభువులకు రంగస్థలం పైన, నటుల వెనక వైపు గదులుండేవి, అక్కడ కూర్చుంటే నాటకం సరిగా కనపడకపోయినా వాళ్లు అందరికీ కనపడేవాళ్లు. వచ్చిన పెద్దవాళ్లు జనానికి కనపడాలంటే స్టేజీకి పక్కన ఎత్తుగా కుర్చీలు వేయండి, నాకు అభ్యంతరం లేదు. ముందు కార్పెట్ మాత్రం వదిలేయండి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మా ఊళ్లో ముందు చాప ఎవరైనా పరుచుకోవచ్చు అని నేను లండన్ నుంచి వచ్చిన కొత్తలో అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఒకరోజు అమ్మ విని, చేస్తున్న పని ఆపి, "ఎవరైనా అంటే అందరూ కాదు పాపా. చింతచెట్టు అవతల కూర్చునేవాళ్లు నీకు కనపడలేదా" అంది. నాకు కనపడలేదు. నా కళ్లు ముందు వైపే ఉన్నాయి. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు చింతచెట్టు దాటి చాప పరిచేవాళ్లు కాదని, అలా దాటకూడదని చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలుసని, వాళ్లలో మద్దెల వాయించేవాడు ఒకడు ఆట మధ్యలో ఉన్నా వాడి పిల్లలు చెట్టు అవతలే ఉండేవాళ్లని అమ్మ చెప్పింది. ఆ పిల్లలకు తెర కింద నుంచి కాళ్లు కనపడి ఉండవు. దీన్ని తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. పాత పద్ధతి పాతగా తిరిగి రావాలని నేను అడగడం లేదు. ముందు చోటు ఎంత విలువైందో ఆ చింతచెట్టే చెప్తుంది, విలువ లేకపోతే దానికి గీత గీసి ఉండేవాళ్లు కాదు. ఆ గీతను చెరపాల్సింది పోయి, హాల్లో సోఫాల రూపంలో కొత్తగా గీస్తున్నామనేదే నా బాధ.

హాల్లో అయితే ఇలాగే ఉంటుంది, పల్లెలో అయితే అలాగే ఉంటుంది, రెంటికీ పోలిక పెట్టకు అని ఇంకొందరు అంటారు. ఏటా మే నెలలో తిరుపతిలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది కదా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి, సున్నపుకుండలు, రోజుకొక వేషం వేసుకుని జనం వీధుల్లోకి వస్తారు. అదేమీ పల్లె కాదు, నాలుగు రోడ్ల మధ్య, బస్సుల మధ్య జరిగేదే. అక్కడ స్టేజీ లేదు, ముందు వరుస లేదు, చూసేవాడు ఏ క్షణాన్నయినా వేషంలోకి దూరొచ్చు. మొహాన విభూతి పూసుకున్న చంటిబిడ్డ నుంచి చీర కట్టుకున్న ముసలాయన దాకా అందరూ అందులోనే. ఇది చేతనైన ఊరికి హాల్లో పది అడుగుల కార్పెట్ పిల్లలకు వదలడం చేతకాదా?

నేను అడిగేది చాలా చిన్నది. స్టేజీ ముందు చాపలు వేయండి, టైముకు వచ్చినవాళ్లను కూర్చోనివ్వండి, పిల్లలను ముందుకు పంపండి. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు పక్కల కుర్చీలు. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకండి, ఆడేవాళ్లకు మా మొహాలు కనపడనివ్వండి. చెప్పిన టైముకు మొదలుపెట్టండి. శాలువాలు ఆట అయ్యాక కప్పండి, చివరిదాకా ఉన్నవాళ్ల చేతుల మీదుగా కప్పించండి. అరగంటలో తపస్సు మాను ఎక్కించకండి, రాత్రంతా కుదరకపోతే ఒక్క ఘట్టాన్నే మూడు గంటలు ఆడనివ్వండి. వీటిలో దేనికీ డబ్బు అక్కర్లేదు, ఉన్న డబ్బులో సోఫాల అద్దె మిగులుతుంది, అది మద్దెల వాయించేవాడికి ఇవ్వొచ్చు.

ఈ ఎండాకాలం మా ఊళ్లో భారతం పెట్టారు, ఏడేళ్ల తర్వాత. చివరి రాత్రికి నా కూతుర్ని తీసుకుపోయాను. అవ్వ చాప లేదు, తిరుపతిలో కొన్న ప్లాస్టిక్ చాప. పొద్దు గూకక ముందే పోయి ముందర పరిచాం. చింతచెట్టు కొట్టేసి చానా ఏళ్లయింది, ఆ చోట ఇప్పుడు వాటర్ ట్యాంకు ఉంది. పిల్లలందరూ కలగాపులగంగా ముందరే ఉన్నారు, ఎవరి బిడ్డ ఎవరో నాకు తెలియదు, వెనక పెద్దవాళ్లు మాత్రం ఇంకా కొంచెం ఎడంగానే కూర్చున్నారు. పది గంటలప్పుడు ఎవరో ఒక నాయకుడొస్తున్నాడని ఇద్దరు కుర్రాళ్లు నాలుగు కుర్చీలు తెచ్చి చాపల ముందు వేశారు. మా పక్క చాప మీదున్న ముసలామె కూర్చున్న చోటు నుంచే అరిచింది, "అబ్బోడా, కుర్చీలు ఎనక్కి ఏస్కో నాయనా, బిడ్డలకు కనపడదు." వాళ్లు ఒక్క మాట మాట్లాడకుండా తీసుకుపోయి ట్యాంకు పక్కన వేశారు. నాయకుడు వచ్చి అక్కడే కూర్చున్నాడు, గంటసేపు చూసి పోయాడు.

నా కూతురు రెండు గంటలకు నిద్రపోయింది. నాలుగున్నరకు గిల్లి లేపాను. తెల్లవారుతుండగా జనమంతా పక్క పొలంలోకి నడిచాం, అక్కడ మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఒక ఇంటి పొడుగు ఉన్నాడు, మట్టి మీసాలు, గుడ్ల కళ్లు. భీముడు, దుర్యోధనుడు ఆ మట్టి ఒంటి చుట్టూ పరుగులు తీస్తూ, పైకెక్కి దూకుతూ కొట్టుకున్నారు. పిల్లలు అడ్డం పడుతూ వెనకాల పరుగు. భీముడు తొడ మీద గద వేశాడు, లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు ఎగిరాయి, ముందున్న పిల్లల మీద చింది పడ్డాయి. ద్రౌపది వచ్చి ఆ ఎర్రనీళ్లు తలకు రాసుకుని జుట్టు ముడేసుకుంటుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత జనం మట్టి మీద పడ్డారు, ఆ మట్టి ఇంట్లో పెట్టుకుంటే మంచిదని, గాదెలో వేస్తే గింజ తరగదని అందరూ పిడికెడు పిడికెడు తీసుకుపోతారు.

నా కూతురు కూడా తీసుకుంది. గౌను మీద ఎర్రటి చుక్కలు, కుడిచేతి పిడికిలి బిగించి ఉంది. బస్సులో నా ఒళ్లో నిద్రపోయింది, తిరుపతి వచ్చేదాకా పిడికిలి విప్పలేదు.